పాఠకుల ప్రశ్నలు: షెరీఫ్ ఎవరికి లెక్క చెప్పాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్‌లో ఉద్యోగం చేస్తోంది. ఈ మధ్య అక్కడి పౌరసత్వం తీసుకుంది. ప్రమాణం చేసిన రోజు ఫోటోలు పంపింది. అందులో ఒక పెద్దమనిషి నల్లటి వెల్వెట్ కోటు, మెడ దగ్గర తెల్లటి లేసు, మోకాళ్ల దాకా బిగుతు పంట్లాం, నడుముకు కత్తితో నిలబడి ఉన్నారు. ఎవరే ఆయన అని అడిగితే ‘ఈ కౌంటీ హై షెరీఫ్’ అంది. రాబిన్ హుడ్ కథల్లో పేదవాళ్లను పీడించే షెరీఫ్ పదవి ఇదేనా? ఇంకా ఉందా? ఈయనకు మన కలెక్టరుకు ఉన్నంత అధికారం ఉంటుందా?
(ఒక తల్లి, హనుమకొండ)

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకు జవాబు చిన్నది కాబట్టి ముందు అది చెబుతాను. అధికారం లేదు. జీతమూ లేదు. ఖర్చులు ఆయనే పెట్టుకోవాలి. ఏడాది తిరిగితే ఆ స్థానంలోకి ఇంకొకరు వస్తారు. ఇంగ్లండ్, వేల్స్ కలిపి ఇలాంటి హై షెరీఫులు 55 మంది ఉన్నారు. న్యాయమూర్తులు వచ్చినప్పుడు ఎదురు వెళ్లడం, పోలీసులను, స్వచ్ఛంద సంస్థలను ప్రోత్సహించడం, మీ అమ్మాయి వెళ్లినటువంటి సభల్లో రాజు తరఫున నిలబడడం వారి పని. కాకపోతే ఆ కత్తి ఒకప్పుడు అలంకారం కాదు. అది ఎలా మొద్దుబారిందో చెప్పాలంటే కొంత చోటు కావాలి. ఈ నెల మిగతా ఉత్తరాలు కూడా దీని చుట్టూనే తిరుగుతున్నాయి కనుక ఆ చోటు తీసుకుంటున్నాను.

ఇంగ్లండ్‌లో రాజు కింద మత సంబంధం లేని పదవుల్లో ఇంతకంటే పాతది లేదు. 1066లో నార్మన్లు దండెత్తి వచ్చే నాటికే ప్రతి కౌంటీలోనూ షెరీఫ్ ఉన్నాడు. వచ్చినవాళ్లు పదవిని అలాగే ఉంచి, మనుషులను మార్చి తమవాళ్లను కూర్చోబెట్టారు. ఆ తర్వాతి వందేళ్లలో షెరీఫ్ చేతిలో లేనిది లేదు. శిస్తు వసూలు ఆయనదే, కౌంటీ కచేరీలో తీర్పు ఆయనదే. రాజుగారి కోట ఆయన కాపలాలో ఉంటుంది, జైలు తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. దొంగను తరమాలన్నా, తిరుగుబాటు అణచాలన్నా కౌంటీలోని మగవాళ్లందరినీ ఆయుధాలతో రమ్మని పిలిచే హక్కు కూడా ఆయనకే. మన కలెక్టరు, ఎస్పీ, జిల్లా జడ్జి, జైలరు, ఖజానా అధికారి ఒక్క మనిషిగా మారి మన ఊరికి వచ్చారనుకోండి. ఆ మనిషి షెరీఫ్.

ఇందులో అసలు మెలిక ఒకటుంది. కౌంటీ మొత్తానికి ఏడాదికి ఇంత అని రాజుకు కట్టాల్సిన సొమ్ము ముందే ఖాయమై ఉంటుంది. అది కట్టాక మిగిలినదంతా షెరీఫ్‌దే. దీన్ని మనం గుత్త అంటాం, నిజాం కాలంలో ఇజారా అనేవారు. 1853లో సాలార్‌జంగ్ దివాను అయ్యే నాటికి ఈ రాజ్యంలో కూడా తాలూకాలను ఇలాగే గుత్తకు ఇచ్చేవారు. 1865లో జిలాబందీ పెట్టి, జీతం మీద పనిచేసే తాలూక్‌దార్లను నియమించాక గానీ ఆ పద్ధతి పోలేదు. గుత్త పట్టినవాడు రైతు దగ్గర ఎంత పిండితే వాడికి అంత లాభం. పన్నెండో శతాబ్దపు ఇంగ్లండ్ రైతుకైనా, మన పరకాల రైతుకైనా ఈ సంగతి ఒకరు విడమరిచి చెప్పనక్కరలేదు.

అయితే రాజు కూడా అమాయకుడేమీ కాదు. షెరీఫ్ ఏడాదికి రెండుసార్లు ఖజానా ముందు హాజరు కావాలి. ఈస్టరుకు వచ్చి కొంత కట్టాలి, సెప్టెంబరు 29న వచ్చే మైకేల్మస్ పండుగ సమయంలో పూర్తి లెక్క చెప్పాలి. అక్కడ పదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు ఉన్న బల్ల ఉండేది. దాని అంచులు నాలుగు వేళ్ల ఎత్తు లేచి ఉండేవి, పైన పరిచిన నల్లగుడ్డ మీద చదరంగం గళ్లలా గీతలు ఉండేవి. ఆ గళ్ల వల్లనే ఇంగ్లీషులో ఖజానాకు ఎక్స్‌చెకర్ అనే పేరు వచ్చింది. పెన్నీలకు ఒక వరుస, షిల్లింగులకు ఒకటి, పౌండ్లకు ఒకటి, ఇరవైలకు, వందలకు, వేలకు విడివిడిగా వరుసలు. కట్టాల్సినదానికి బిళ్లలు పేరుస్తారు, కట్టినదానికి కింద ఇంకో వరుస పేర్చి తీసివేస్తారు. చదువు రాని షెరీఫ్‌కు కూడా తాను ఎంత బాకీ ఉన్నాడో కళ్ల ముందు కనబడుతుంది. రెండవ హెన్రీ రాజు దగ్గర కోశాధికారిగా పనిచేసిన రిచర్డ్ ఫిట్జ్‌నీల్ ఈ సభను చదరంగంతో పోల్చాడు. అక్కడ రాజుకూ రాజుకూ పోరు, ఇక్కడ కోశాధికారికీ షెరీఫ్‌కూ పోరు అన్నాడు.

ఆ వర్ణన మొదటిసారి చదివినప్పుడు నాకు మా తాతగారు కళ్ల ముందు మెదిలారు. ఆయన వరంగల్ పక్కన ఒక పల్లెలో పట్వారీ. జమాబందీ దగ్గర పడుతోందంటే వారం ముందు నుంచే ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. పహాణీలు, రశీదు పుస్తకాలు ఎర్రగుడ్డలో మూట కట్టి, ముడి మీద ముడి వేసి, తెల్లవారకముందే బండి ఎక్కేవారు. ఊళ్లో పదిమందిని నిలబెట్టి మాట్లాడే మనిషి, తాలూకా కచేరీలో తన పేరు పిలిచేదాకా వరండాలో నిలబడే ఉండేవారట. తిరిగి వచ్చిన రాత్రి మాత్రం కడుపునిండా తిని నిద్రపోయేవారు.

షెరీఫ్ డబ్బు కట్టినందుకు ఇచ్చే రశీదు కాగితం కాదు, కర్ర. బొటనవేలు, చూపుడువేలు బాగా చాపితే ఎంత దూరమో అంత పొడవున్న పుల్ల. దాని మీద కత్తితో గాట్లు పెడతారు. వెయ్యి పౌండ్లకు అరచేతి మందం గాటు, వందకు బొటనవేలంత, ఇరవైకి చిటికెనవేలంత, ఒక్క పౌండుకు పండిన బార్లీ గింజంత. పెన్నీకి కర్ర చెక్కరు, ఊరికే గీత గీస్తారు. తర్వాత ఆ పుల్లను నిలువునా రెండుగా చీలుస్తారు. ఒక సగం ఖజానాకు, ఒక సగం షెరీఫ్‌కు. రేపు ఎవరైనా గాటు పెంచితే రెండు సగాలూ కలిపి పెట్టగానే మోసం బయటపడుతుంది. మా నానమ్మ పాలు పోసే అతని లెక్క వంటింటి గోడ మీద సున్నపు గీతలతో రాసేది, అతను తన ఇంటి గోడ మీద రాసుకునేవాడు. నెలాఖరుకు రెండు గోడలూ ఒకే మాట చెప్పాలి. అదీ ఇదీ ఒకే తెలివి. ఆ పుల్లల వాడకాన్ని ఆపేసింది 1826లో. 1834 అక్టోబరు 16న, పనికిరావని పాత పుల్లలను బండ్ల కొద్దీ తెచ్చి పార్లమెంటు భవనం కింది పొయ్యిల్లో తగలబెట్టారు. పొగగొట్టాలు వేడెక్కి భవనమే కాలిపోయింది.

ఇక నాకు ముఖ్యమైన మాటకు వస్తున్నాను. ఈ బల్ల, ఈ పుల్లలు, ఏటేటా తోలు మీద రాసి చుట్టిపెట్టిన లెక్కలు అన్నీ షెరీఫ్ పైవాడికి చెప్పే లెక్కలే. ఆ చుట్టల్లో మిగిలినవాటిలో పాతది 1130 నాటిది. ఎంత కట్టాడు, ఎంత బాకీ ఉన్నాడు అనేది అందులో పెన్నీతో సహా దొరుకుతుంది. జనం దగ్గర నిజానికి ఎంత తీసుకున్నాడనేది అందులో ఉండదు. మా తాతగారి పహాణీలు నేను చూశాను. ముత్యాల్లాంటి అక్షరాలు. సర్వే నంబరుకు ఒక గడి, విస్తీర్ణానికి ఒక గడి, పంటకు ఒక గడి, శిస్తుకు ఒక గడి. పోలీసు చర్యకు ముందు ఆ ఊరి నుంచి దొర గడికి వెళ్లిన వెట్టి బండ్లకు, మేకలకు, నెయ్యికి, కోతల రోజుల్లో సొంత పొలం వదిలి వెళ్లిన ఆడవాళ్లకు మాత్రం ఏ పుస్తకంలోనూ గడి లేదు. ఆ సంగతి నానమ్మ చెబితే తెలిసింది. తాతగారిని అడిగే ధైర్యం నాకు ఆ వయసులో రాలేదు.

అందుకే ఆ దేశ చరిత్రలో నన్ను కదిలించిన ఏడాది 1170. రెండవ హెన్రీ నాలుగేళ్లు ఫ్రాన్సు వైపు ఉండి తిరిగి వచ్చాడు. వచ్చీ రాగానే దాదాపు షెరీఫులందరినీ పక్కన పెట్టి, కౌంటీలకు విచారణాధికారులను పంపాడు. వాళ్లు ఊళ్లకు వెళ్లి జనాన్ని ప్రమాణం మీద అడిగారు: రాజు సముద్రం దాటిన నాటి నుంచి షెరీఫ్ గానీ, అతని మనుషులు గానీ మీ దగ్గర ఏమి తీసుకున్నారు? తీర్పు ఉండి తీసుకున్నారా, లేకుండా తీసుకున్నారా? ఏ కారణం చెప్పి తీసుకున్నారు? విచారణ తర్వాత చాలామంది షెరీఫులకు పదవి తిరిగి దక్కలేదు. ఇందులో రాజు స్వార్థం లేదని నేను అనను. ఖజానాకు రావలసింది దారిలో ఎవరు మింగుతున్నారో ఆయనకు తెలియాలి. అయినా రైతు ముందు నిలబడి నీ దగ్గర ఏమి తీసుకున్నారు అని అడిగి, ఆ జవాబును రాసుకోవడం ఒక పెద్ద సంగతి. ఆ జవాబుల్లో ఇప్పుడు మిగిలినవి కొద్ది తోలు ముక్కలే.

మీ రాబిన్ హుడ్ షెరీఫ్ దగ్గరికి వచ్చాం. పాత పాటల్లో ఆయనకు పేరు లేదు, ఊరికే షెరీఫ్ అంటారు. ఆ దుర్మార్గుడు ఫలానా అని గట్టిగా చూపించే ఆధారమేదీ లేదు. కానీ నాటింగ్‌హామ్‌షైర్, డెర్బీషైర్ రెండింటికీ కలిపి షెరీఫ్‌గా ఉన్న ఒక మనిషి పేరు చరిత్రలో చాలా ప్రసిద్ధమైన పత్రంలోకే ఎక్కింది. ఆయన ఫిలిప్ మార్క్. ఫ్రాన్సు నుంచి జాన్ రాజు తెచ్చుకున్న మనిషి. 1215లో తిరుగుబాటు చేసిన జాగీర్దార్లు కలిసి జాన్ రాజు చేత ఒప్పించిన మాగ్నా కార్టాలో, ఫలానా ఫలానా వాళ్లను పదవుల నుంచి పూర్తిగా తొలగిస్తాను అని ఒక మాట ఉంది. ఆ వరుసలో ఫిలిప్ మార్క్, ఆయన అన్నదమ్ములు, మేనల్లుడు ఉన్నారు. అంత పెద్ద పత్రంలో పేరు పెట్టి మరీ రాసినా ఆయన కుర్చీ దిగలేదు. 1224 దాకా షెరీఫ్‌గానే ఉన్నాడు. కాగితం మీద గెలుపు వేరు, కచేరీలో గెలుపు వేరు అని మన భూముల కేసులు చూసినవారికి తెలియనిదా?

ఆ పత్రంలోనే నాకు బాగా నచ్చే మాట ఇంకొకటుంది. షెరీఫ్ అయినా, అతని మనిషి అయినా, స్వతంత్రుడైన మనిషి గుర్రాన్ని గానీ బండిని గానీ అతని ఇష్టం లేకుండా రవాణాకు తీసుకోకూడదు. ఆ వాక్యం చదివితే మా నానమ్మ చెప్పిన వెట్టి బండ్లు గుర్తుకు రాకుండా ఎలా ఉంటాయి? స్వతంత్రుడైన అన్న మాటను మాత్రం దాటిపోవద్దు. దొర పొలానికి కట్టుబడి బతికే కూలి రైతు ఆ మాటలోకి రాడు. అతని బండికి ఆనాడు కూడా కాపలా లేదు.

అక్కడి నుంచి షెరీఫ్ చేతిలో ఉన్నవి ఒక్కొక్కటే జారిపోయాయి. 1194లోనే కరోనర్లు అనే కొత్త అధికారులు వచ్చి, అనుమానాస్పద మరణాల లెక్క వాళ్ల చేతికి పోయింది. పెద్ద నేరాల విచారణ షెరీఫ్ చేయకూడదని మాగ్నా కార్టా చెప్పింది. 1340లో ఒక చట్టం షెరీఫ్ ఏడాదికి మించి ఉండకూడదు అంది. నా దృష్టిలో మిగతా అన్నిటికంటే ఇదే గట్టి దెబ్బ. ఏడాదిలో దిగిపోయేవాడు కోటను సొంత ఇల్లు చేసుకోలేడు. తర్వాత జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే స్థానిక న్యాయాధికారులు వచ్చి చిన్న నేరాలు తీసుకున్నారు. ట్యూడర్ రాజుల కాలంలో లార్డ్ లెఫ్టినెంట్లు వచ్చి సైన్యం తీసుకున్నారు. చివరికి మిగిలినవి జడ్జీలకు మర్యాదలు చేయడం, జ్యూరీని పిలిపించడం, కోర్టు ఉత్తర్వులు అమలు చేయడం, ఉరి శిక్ష పడితే దాన్ని జరిపించడం. ఖర్చు తన నెత్తిన, పేరు రాజుది. అందుకే చాలామంది ఈ పదవి తమకు రాకుండా చూసుకునేవారు. హత్యకు ఉరి 1965లో ఆగింది. లండన్ జడ్జీలు కౌంటీలు తిరిగి విచారణ జరిపే తిరుగుడు కోర్టులు 1972 జనవరి 1న పోయాయి. 1974 ఏప్రిల్ 1 నుంచి పేరు ముందు హై అనే మాట అధికారికంగా చేరింది. అధికారం అంతా పోయాక పేరు పెద్దదైంది.

ఎంపిక ఇప్పటికీ పాత పద్ధతిలోనే జరుగుతుంది. ఏటా నవంబరు 12న లండన్ హైకోర్టులో కౌంటీకి ముగ్గురి చొప్పున పేర్లు చదువుతారు. తర్వాత రాజు తోలు మీద రాసిన ఆ జాబితాలో ఒక పేరు పక్కన వెండి దబ్బనంతో గుచ్చుతాడు. సిరా అయితే ఎవరైనా గీకి చెరిపేయగలరు, తోలుకు పడిన రంధ్రాన్ని పూడ్చలేరు.

మీ అమ్మాయికి ఒక్క విషయం చెప్పండి. నాటింగ్‌హామ్‌లో షెరీఫులు ఇద్దరున్నారు. 1449లో ఆరవ హెన్రీ ఆ పట్టణాన్ని విడిగా ఒక కౌంటీగా ప్రకటించినప్పటి నుంచి నగరానికి వేరే షెరీఫ్ ఉంటారు. నగర షెరీఫ్ కౌన్సిల్‌కు చెందినవారు, కత్తి కట్టుకున్న ఆ పెద్దమనిషి కౌంటీ మొత్తానికీ చెందినవారు.

ప్రశ్న: మా దగ్గర దర్గా షరీఫ్ అంటాం. మంచి మనిషిని షరీఫ్ అంటాం. ఇంగ్లీషు వాళ్లు షెరీఫ్ అనే మాటను మన ఉర్దూ నుంచే తీసుకున్నారని ఒక మిత్రుడు వాదించాడు. నిజమేనా?
(ఒక పాఠకుడు, కాజీపేట)

జవాబు: కాదండీ. వినడానికి కవలల్లా ఉన్నా పుట్టిల్లు వేరు. మన షరీఫ్ అరబ్బీ మాట. గౌరవనీయుడు, పెద్ద వంశం వాడు అని అర్థం. ఇంగ్లీషు షెరీఫ్ రెండు పాత ఇంగ్లీషు మాటల కలయిక. షైర్ అంటే జిల్లా. యార్క్‌షైర్, నాటింగ్‌హామ్‌షైర్ పేర్ల చివర ఉన్నది అదే. రీవ్ అంటే యజమాని తరఫున ఆస్తి చూసే పెత్తందారు. ఊరికి ఒక రీవ్ ఉండేవాడు, షైర్ మొత్తానికి ఉన్న రీవ్ నలిగి నలిగి షెరీఫ్ అయ్యాడు. పటేలు, మాలీ పటేలు, పోలీసు పటేలు అని మనకు ఉన్నట్టే వాళ్లకూ ఆ మాటకు ముందు ఏదో ఒకటి తగిలించుకునే అలవాటు ఉండేది. మన పటేలు, పట్వారీ పదవులు 1984 ఆర్డినెన్సుతో పోయాయి.

పూర్వపు షెరీఫుల్లో షరీఫులు తక్కువే. 1086 నాటి భూముల సర్వే కాలంలో కేంబ్రిడ్జ్‌షైర్ షెరీఫ్‌గా ఉన్న పికో, ఈలీ మఠం భూములు లాక్కున్నాడు. ఆ మఠం సన్యాసులు తమ గ్రంథంలో అతన్ని ఆకలిగొన్న సింహం, తిరుగాడే తోడేలు, జిత్తులమారి నక్క, మురికి పంది, సిగ్గులేని కుక్క అని తిట్టి పెట్టుకున్నారు. ఖజానా చుట్టల్లో దొరకనిది ఆ తిట్లలో దొరుకుతుంది.

ప్రశ్న: సినిమాల్లో అమెరికా షెరీఫ్ తుపాకీ పెట్టుకుని దొంగలను వెంటాడుతాడు. ఇంగ్లండ్ షెరీఫ్ ఎందుకు అలా లేడు?
(డిగ్రీ విద్యార్థి, జగిత్యాల)

జవాబు: షెరీఫ్‌కు ఇంకా పట్టు ఉన్న రోజుల్లో వలస వెళ్లినవాళ్లు ఆ పదవిని తమతో తీసుకెళ్లారు. వర్జీనియాలో 1634లో షైర్లు ఏర్పాటు చేసినప్పుడే షెరీఫ్ అక్కడ అడుగుపెట్టాడు. ఇంగ్లండ్‌లో పోలీసు శాఖ వేరుగా పెరిగింది, షెరీఫ్ మిగిలిపోయాడు. అమెరికా కౌంటీల్లో ఆ పని, జైలు నిర్వహణ ఆయన దగ్గరే ఉండిపోయాయి. ఇంకో తేడా, అక్కడ చాలా రాష్ట్రాల్లో జనమే ఓటు వేసి షెరీఫ్‌ను ఎన్నుకుంటారు. మన దేశంలో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలకు ఆంగ్లేయులు తెచ్చినది మాత్రం లండన్ పద్ధతి పదవి.

ప్రశ్న: మధ్యయుగంలో ఆడవాళ్లు ఎవరైనా షెరీఫ్ అయ్యారా?
(ఉపాధ్యాయురాలు, జనగామ)

జవాబు: అయ్యారు. నాకు ఈ చరిత్రలో ఆవిడంటేనే ఎక్కువ గౌరవం. ఆవిడ పేరు నికోలా డి లా హే. లింకన్ కోట కాపలా ఆవిడకు తండ్రి నుంచి వచ్చింది. 1216 అక్టోబరులో, తాను చనిపోయే ముందు, జాన్ రాజు ఆవిడను లింకన్‌షైర్ షెరీఫ్‌గా నియమించాడు. ఆమెతో పాటు ఆ నియామకంలో ఉన్న రెండో పేరు ఎవరిదో తెలుసా? పైన చెప్పిన ఫిలిప్ మార్క్. అప్పటికి ఆవిడకు అరవై ఏళ్లు దాటాయి. ఫ్రాన్సు యువరాజు మనుషులు, తిరుగుబాటు జాగీర్దార్లు కలిసి ఊరిని పట్టుకుని కోటను చుట్టుముట్టారు. ఆవిడ తలుపు తీయలేదు. 1217 మే 20న రాజు సైన్యం వచ్చి ముట్టడిని ఛేదించేదాకా కోట ఆవిడ చేతిలోనే ఉంది. ఇంత చేసిన మనిషి నుంచి నాలుగు రోజుల్లోనే షెరీఫ్ పదవిని తీసి ఎర్ల్ బిరుదున్న ఒక పెద్ద ప్రభువుకు ఇచ్చారు. ఆవిడ కచేరీకి వెళ్లి తన హక్కు కోసం వాదించింది. మన రుద్రమదేవి ఓరుగల్లులో సింహాసనం ఎక్కింది 1262లో. ఇద్దరిదీ ఒకే శతాబ్దం. ఆడది కోటను కాయలేదనే మాట ఆ శతాబ్దంలో ఇక్కడా అక్కడా తప్పింది. తర్వాత పదిహేడో శతాబ్దంలో వెస్ట్‌మోర్లండ్ కౌంటీలో యాన్ క్లిఫర్డ్ వారసత్వంగా షెరీఫ్ పదవిలో ఉంది. ఇప్పుడు హై షెరీఫుల్లో ఆడవాళ్లు మామూలే.

హనుమకొండ తల్లిగారికి ఒక మాట. నికోలా కాపాడిన ఆ లింకన్ కోట మీ అమ్మాయి ఉండే చోటికి దూరం కాదు, రైలు ఉంది. 1215 నాటి అసలు మాగ్నా కార్టా ప్రతుల్లో ఇప్పుడు మిగిలినవి నాలుగు. వాటిలో ఒకటి ఆ కోటలోనే అద్దం వెనుక ఉంటుంది. లాటిన్, చిన్న అక్షరాలు, పేరాలు ఉండవు, ఒక్కో నిబంధనకు ఇప్పుడు మనం చెప్పుకునే అంకెలూ అందులో ఉండవు. చీకటిగా ఉండే గది, కాసేపు నిలబడితే కళ్లు అలవాటు పడతాయి. ఫిలిప్ మార్క్ పేరు కిందికి వెళ్లే కొద్దీ, సగం దాటాక వస్తుంది. వెతకమనండి. దొరికితే ఏ వరుసలో ఉందో నాకు రాయండి.